వద్దన్న లిఫ్టు

"దించొద్దు. లారీలోనే ఉంచండి" అంది ఇల్లాలు, గరాజు తలుపుకు అడ్డంగా నిలబడి.

లారీలోంచి సగం బయటికొచ్చిన ఇనప స్తంభం అక్కడే ఆగిపోయింది. దాన్ని మోస్తున్న ఇద్దరూ మేస్త్రి మొహం చూశారు.

"కారు లిఫ్టమ్మా. గరాజు నేలలో బిగించమని ఆర్డరు" అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. "సారు ఇంట్లో ఉండనన్నారు. ఇంటావిడ కాస్త కోప్పడుతుంది, పట్టించుకోకుండా పని కానిచ్చెయ్యమన్నారు."

"అలా అన్నారా?"

"అలాగే అన్నారు."

ఆవిడకు ఒళ్లు మండింది. వారం రోజులుగా ఇంట్లో గొడవంతా ఈ లిఫ్టు గురించే. గరాజంటే ఆయనకు కారు. ఆవిడకు కుట్టుమిషను, వాన పడితే బట్టలారేసుకునే తాడు. నేలకు చిల్లులు పొడిస్తే ఊరుకునేది లేదని తెగేసి చెప్పింది. ఆయన సరేనని తలూపాడు. ఊపి, చాటుగా ఈ పని చేశాడన్నమాట.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మందుల ఫ్యాక్టరీలో పని. లోపలికి వెళ్లేముందే ఫోను లాకర్లో పెట్టేస్తారు.

"వెనక్కి తీసుకుపొమ్మంటే తీసుకుపోతాం, మాకేం" అంటూ మేస్త్రి ఎండకు తాళలేక గరాజు నీడలోకి వచ్చాడు. లోపల కారు ముందు భాగం పైకి లేచి ఉంది. ఒకపక్క జాకీ, ఇంకోపక్క పేర్చిన ఇటుకలు. మేస్త్రి వంగి కిందకు చూశాడు.

"సారు దీని కిందకే దూరతారా?"

"సెలవొస్తే కాపురం అక్కడే. నాకు కాళ్లు మాత్రం కనిపిస్తాయి."

మేస్త్రి బంపరు మీద అరచెయ్యి ఆనించి కొంచెం నొక్కాడు. కారు మెల్లగా ఊగింది. ఇటుకలు కిరకిరమన్నాయి. చెయ్యి తీసేసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆవిడ కూడా వంగింది. కారు కింద ఒక అట్ట పరిచి ఉంది. దాని మీద మనిషి వీపంత మేర నల్లటి నూనె మరక. ఆ మరకకు సరిగ్గా పైనే ఇంజను. ఇన్నేళ్లలో ఆ కాళ్లనే గానీ, పైన ఏముందో ఎప్పుడూ చూడలేదు.

ఆవిడ లేచి, తాడు విప్పి చుట్ట చుట్టింది.

"కుట్టుమిషను ఎటు జరపమంటారు?" అంది ఆవిడ.

ఇక పని చకచకా సాగింది. కారును దించి బయటికి నెట్టారు. కాంక్రీటు మందం చూడటానికి డ్రిల్లుతో ముందు ఒక చిల్లు వేశారు. గట్టి నేలే. మిగతావీ వేసి, పొడి ఊదేసి, మొదటి స్తంభం బిగించి, రెండోది నిలబెట్టి రసమట్టంతో సరిచూశారు. గరాజంతా తెల్లటి దుమ్ము. మొదట వంటింటి కిటికీలోంచి చూసిన ఇల్లాలు, తర్వాత గుమ్మంలోకి వచ్చింది, ఆ తర్వాత ముక్కుకు కొంగు కట్టుకుని ఏకంగా స్తంభాల మధ్యకే వచ్చేసింది.

"ఈ రెండోది ఇంకాస్త గోడవైపు జరగదా? కారు తలుపు తీస్తే తగిలేట్టుంది."

"జరుగుతుందమ్మా. మంచి మాట చెప్పారు." మేస్త్రి స్తంభం జరపబోతూ ఆగాడు. "అన్నట్టు, స్తంభాలకు తాళ్లూ గీళ్లూ కట్టకూడదు."

"నేనెందుకు కడతాను?" అంది ఆవిడ, అప్పటికే తాడు పొడవు కొలుస్తున్న చూపును పక్కకు తిప్పుకుని.

సాయంత్రం ఆయన వచ్చేసరికి కారు మనిషి తలకు పైన, గాలిలో ఉంది. కింద ఆవిడ నేల తుడుస్తోంది. ఆయన భోజనం సంచి భుజాన ఉండగానే గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఇదేమిటి?"

"ఏమీ ఎరగనట్టు అడక్కండి."

ఆయన మెల్లగా నడుచుకుంటూ కారు కిందకు వెళ్లాడు. వంగలేదు, పాకలేదు. నిటారుగా నిలబడి, తలెత్తి, దాని పొట్టను చేత్తో తడిమాడు. వెనక్కి తిరిగినప్పుడు కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

"నువ్వు వద్దన్నాక ఆ ఊసే వదిలేశాను. నాకు చెప్పకుండా నువ్వే తెప్పిస్తావని కల్లో కూడా అనుకోలేదు."

"నేనా?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు?"

అంటే, ఈయన తెప్పించలేదు. మరి ఈ లిఫ్టు ఎవరిది? అడుగుదామంటే, ఎదురుగా ఆ మొహం అలా వెలిగిపోతోంది.

"ముందు కాళ్లూ చేతులూ కడుక్కోండి" అంది.

గేటు చప్పుడైంది. వీధికి అటు చివర ఇంటావిడ లోపలికి వచ్చి, పైనున్న కారును తేరిపార చూసింది.

"అయితే ఇక్కడికొచ్చిందన్నమాట. మావారు ఊరెళుతూ, లిఫ్టు వాళ్లకు వీధి చివరిల్లు అని చెప్పి పోయారట. ఏ చివరో చెప్పలేదు."

ఇల్లాలి మొహం పాలిపోయింది. ఆయన చెయ్యి కారు మీంచి జారింది. భార్య వైపు చూడబోయి, తల దించుకున్నాడు.

"పొరపాటైపోయిందండీ. రేపు పొద్దున్నే విప్పించి మీ ఇంటికి పంపించేస్తాం" అన్నాడు.

"అంత పని చెయ్యకండి అన్నయ్యగారూ. అది మా గుమ్మం తొక్కకుండా వెనక్కి పంపేద్దామని, పొద్దుట్నుంచీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను."