ఏడు గంటల పెద్దాయన

"ఏడైందమ్మా, ఇంకా తాళం తియ్యలేదేంటి?"

నర్సు కిటికీ తెరిచి చూసింది. టీబీ సెంటరు వెనక గదిలోనే ఆమె కాపురం. బయట ఎవరో పెద్దాయన.

"తెరిచేది తొమ్మిదిన్నరకి. బోర్డు మీద ఉంది చూడండి."

"చూశానమ్మా. ఏడున్నరకల్లా పనిలో ఉండాల్సినవాళ్ళు తొమ్మిదిన్నరకి మాత్రలకి ఎలా వస్తారు?"

"టైము పెట్టింది నేను కాదు, పైవాళ్ళు."

"పైవాళ్ళు ఎక్కడుంటారు?"

నర్సుకు నవ్వొచ్చింది. పెద్దాఫీసు అడ్రసు చెప్పి కిటికీ మూసేసింది.

మాత్రలు నర్సు కళ్ళెదుటే మింగాలన్నది అక్కడి నియమం. ఆరు నెలలు, ఒక్క రోజు తప్పకుండా. సగంలో మానేసినవాళ్ళ కార్డులు ఆమె సొరుగులో పేరుకుపోయాయి. బద్ధకం మనుషులని వాళ్ళను తిట్టుకునేది.

పెద్దాయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. జోరున వాన కురిసిన రోజూ వచ్చాడు.

తెరిచేదాకా అక్కడే ఉండి, మాత్రల కోసం వరుసలో నిలబడ్డవాళ్ళ పక్కన చేరి, "నీ పని ఎన్నింటికి? ఇవాళ్టి కూలి పోయినట్టేనా?" అని ఒక్కొక్కరినీ అడిగి కాగితం మీద రాసుకునేవాడు.

"ముందు మీ జబ్బు సంగతి చూసుకోండి. అందరి గొడవా మీకెందుకు?" అని ఒకసారి కసిరింది నర్సు.

ఆయన తల వంచుకున్నాడు.

"నా సంగతే చూసుకుంటున్నానమ్మా."

"మనకిక అలారం అక్కర్లేదు, ఏడు గంటల పెద్దాయన ఉన్నాడు" అని స్వీపరుతో చెప్పి నవ్వుకునేది ఆమె.

మూడు నెలల తర్వాత ఆయన రావడం మానేశాడు. పీడ విరగడైందనుకుంది.

మరో రెండు వారాలకు పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకపై సెంటరు పొద్దున్నే ఆరింటికి తెరవాలి, మధ్యాహ్నం ముయ్యాలి. దానికి జతగా ఒక అర్జీ నకలు. డెబ్బై ఒక్క సంతకాలు, వేలిముద్రలు. ఒక్కొక్కరి పక్కన వాళ్ళు పనికి వెళ్ళే వేళ. అన్నిటికీ కింద పెద్దాయన పేరు, అడ్రసు.

మొదటి వారంలోనే, మానేసినవాళ్ళు పదకొండు మంది తిరిగొచ్చారు. బస్తాలు మోసే అతను మాత్రలు గుటుక్కున మింగి, "ఇప్పుడైతే పని దొరుకుతుంది సిస్టర్" అంటూ పరుగెత్తాడు.

నర్సు అతను వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ తను తిట్టుకున్నది ఇతన్నేనా?

మరి పెద్దాయన ఏడీ? అందరికంటే ముందు రావలసింది ఆయనే కదా!

రిజిస్టరు తిరగేసింది. ఆ పేరే లేదు. తన చేత్తో ఆయనకు మాత్ర ఇచ్చిన గుర్తూ లేదు. అయితే వేరే సెంటరులో మందులు మానేసి మంచాన పడ్డాడేమో! ఆ సాయంత్రమే మాత్రలు సంచిలో వేసుకుని బయల్దేరింది.

రేకుల ఇంటి తలుపు ఆయన భార్య తీసింది.

"ఆయన పోయి మూడు వారాలైందమ్మా. ఉన్నట్టుండి గుండె ఆగింది."

"అయ్యో! టీబీ ఎన్నాళ్ళ నుంచి పెద్దమ్మా? మందులు సరిగ్గా వేసుకునేవారా?"

"ఆయనకి టీబీ ఏంటమ్మా?" ఆవిడ వింతగా చూసింది. "ఆ జబ్బు ఇటుకలు మోసే ఒకామెకి. ఇద్దరు పిల్లల తల్లి. మీ దగ్గర మాత్ర మింగి రోజూ పదింటికి పనికొచ్చేది. పని పోతుందన్న భయంతో మాత్రలు మానేసింది. పోయిన ఏడాది చచ్చిపోయింది."

నర్సుకు సొరుగులోని కార్డులు గుర్తొచ్చాయి.

"వేళకి రాలేకపోతే రేపట్నుంచి రావద్దని ఆమెతో అన్న మేస్త్రీ మా ఆయనేనమ్మా."