కిటికీ సీటు ముద్దప్ప

"చూడండప్పా! గేటు కాడ ఆ ఎర్రపూల చెట్టు ఎట్ల పూసిండాదో! కాకి దానిమింద వాలి రెక్కలు కాల్చుకునింది!"

అందరూ పకపకా నవ్వారు. రైల్లో పేకాడేవాళ్ళు తలెత్తరు. వానైనా ఎండైనా, మాలూరు నుంచి బెంగళూరు దాకా బయటి సంగతులు చెప్పడం కిటికీ సీటు ముద్దప్ప వంతు.

గంగులప్ప వక్కాకు ఉమ్మడానికి కిటికీ వైపు వంగాడు. గేటు దగ్గర మొద్దు మాత్రమే మిగిలుంది.

"ఏమన్నా, నరికేసిన చెట్టుకు పూలు పూయిస్తివే!"

ముద్దప్ప నవ్వలేదు. "ఎప్పుడు నరికినారు?" అన్నాడు మెల్లిగా.

ముద్దప్పకు చూపు ఆనడం లేదని గంగులప్పకు అర్థమైంది. వాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో లారీ బ్రేకు సామాన్లకు వెంట్రుకంత పగులున్నా పట్టుకోవడం ముద్దప్ప పని. ఈరోజే అతనికి కంటి పరీక్ష. అందులో తప్పితే ఉద్యోగం పోయి ఇంటికే.

"ఏమిరా, చెట్టు లేదా?" పేకల్లోంచి తలెత్తకుండానే అడిగాడు సూపర్‌వైజరు నంజప్ప.

"ఉండాదప్పా! నేనే వేరే పక్క చూసినా. కాకి రెక్కలు కాలింది గూడా నిజమే," అన్నాడు గంగులప్ప.

మళ్ళీ నవ్వులు. ఆ సందడిలో ముద్దప్ప గంగులప్ప చెవి దగ్గరికి వంగాడు.

"గంగులూ, నీకు నిన్ననే పరీక్ష చేసినారు కదా. ఆ బోర్డులో కింది వరస అక్షరాలు జ్ఞాపకముండాయా?"

గంగులప్పకు అన్నీ జ్ఞాపకమే. కానీ చెట్టు విషయంలో అబద్ధం వచ్చినంత సులువుగా అవి నోటికి రాలేదు; బ్రేకుల్లోని వెంట్రుకంత పగుళ్ళే కళ్ళముందు మెదిలాయి.