ఎడమ చేతి అక్షింతలు

డాక్టర్ జనార్దనరావు ఫైలును ఎడమ చేత్తో అందుకున్నారు. కుడి చెయ్యి కోటు జేబులోనే ఉంది.

బిందుమాధవి చూడనట్టే కూర్చుంది. పోయిన నెల ఊరి శివారు పేట పియారా వాటర్స్‌లో తమ గృహప్రవేశానికి వచ్చినప్పుడు కూడా ఈయన ఇలాగే ఎడమ చేత్తో దంపతుల తల మీద అక్షింతలు వేశారు. భోజనం చెయ్యకుండా వెళ్లిపోయారు. పెద్ద డాక్టరైతే మాత్రం మనమంటే మరీ అంత చులకనా అని అత్తగారు శేషుకుమారి ఇప్పటికీ రోజుకోసారి అంటూనే ఉంది.

ఇప్పుడు ఆయన సంతకమే కావాలి.

ఆ ఫైలు ఆస్పత్రి కొనాలనుకుంటున్న కొత్త యంత్రం గురించి. తల కొయ్యకుండా, సన్నని రేడియేషన్ కిరణాలతో మెదడుకు వైద్యం చేసే యంత్రం. దానికి కట్టాల్సిన మందపాటి గోడల గదితో కలిపి కోటి డాలర్లు. అంత డబ్బు తిరిగి ఎలా వస్తుందో ఫైనాన్స్‌లో పనిచేసే బిందుమాధవి ఆర్నెల్లు కూర్చుని లెక్కలు వేసింది. సాయంత్రం నాలుగింటికి కమిటీ. మెదడు సర్జరీ విభాగానికి జనార్దనరావు పెద్ద. ఆయన సంతకం లేకపోతే ఫైలు మళ్లీ వచ్చే ఏడాదికే. అప్పటిదాకా రోగుల్ని వేరే ఆస్పత్రులకు పంపుతూ ఉండాల్సిందే.

గోడ గడియారంలో మూడుంపావు అయింది.

ఆయన ఒక్క చేత్తోనే నెమ్మదిగా పేజీలు తిప్పుతున్నారు. మీటింగుల్లో అందరూ ఆయన్ని జాన్ అని పిలుస్తారు. బిందుమాధవికి మాత్రం నోరు రాదు.

"కాఫీ చల్లారిపోతోంది అంకుల్."

కింద కెఫేలో తనే కొని తెచ్చింది. ఆయన నిండు కప్పు వైపు ఒకసారి చూసి, మళ్లీ ఫైల్లోకి తల వంచుకున్నారు.

"లెక్క బాగుంది అమ్మా. పేషెంట్ వారం రోజులు బెడ్ మీద ఉండే బదులు సేమ్ డే ఇంటికి వెళ్తాడు. ఆ బెడ్ ఇంకొకరికి వస్తుంది. ఇదే కదా నీ మెయిన్ పాయింట్?"

"అవునండీ. కాకపోతే మీ విభాగంలో ఆపరేషన్లు మూడో వంతు తగ్గిపోతాయి."

"తగ్గనీ."

బిందుమాధవికి ఏమీ అర్థం కాలేదు. తన పని తగ్గిపోతుందంటే ఏ సర్జనైనా ఇంత తేలిగ్గా అంటాడా? పైగా నాలుగు నెలలుగా ఆపరేషన్ల జాబితాలో ఆయన పేరే లేదు. అన్నీ హేమచంద్ర అనే ఇంకో సర్జన్ చేస్తున్నాడు. ఈయన వేరే ఆస్పత్రికి వెళ్లిపోతున్నారని ఫైనాన్స్‌లో అనుకుంటున్నారు. వెళ్లిపోయే మనిషి ఫైలు ఇంత శ్రద్ధగా ఎందుకు చదువుతున్నట్టు? ఉండే మనిషైతే, బాగుందంటూనే సంతకం ఎందుకు పెట్టనట్టు?

ఆమె పెన్ను మూత తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

ఇక ఉండబట్టలేక అడిగేసింది. "మా ఇంట్లో ఏమైనా పొరపాటు జరిగిందా అంకుల్? ఆ రోజు భోజనం కూడా చెయ్యలేదు."

"మీ అత్తగారి పులిహోర వాసన ఇంకా గుర్తుందమ్మా. తినాలనే అనిపించింది."

తినాలనిపిస్తే తినొచ్చు కదా. ఎవరు వద్దన్నారు? ఆమె మరింత అయోమయంలో పడింది.

ఆయన పన్నెండో పేజీ దగ్గర ఆగారు. ఏ జబ్బుకు ఏడాదికి ఎంతమంది ఈ యంత్రం దగ్గరికి వస్తారో రాసిన పట్టిక అది. క్యాన్సర్ గడ్డలు, చెవి నరం మీద గడ్డలు, ముఖం నరం నొప్పి, అన్నీ కలిపి రెండు వందల పన్నెండు మంది. రెండు వందలు దాటితే చాలు, యంత్రం నష్టం లేకుండా నడుస్తుంది.

"పోయినసారి పంపినప్పుడు ఇందులో చివర ఇంకో లైన్ ఉండేది కదా."

"తీసేశానండీ. ఆ జబ్బుతో మన దగ్గరికి ఒక్క పేషెంటూ రాలేదు. సున్నా చూస్తే కమిటీ వాళ్లు నవ్వుతారు."

"మళ్లీ పెట్టు. ఒకరు అని వెయ్యి."

"ఒక్కరి వల్ల లెక్కేమీ మారదు అంకుల్."

"లెక్క మారదు. అయినా పెట్టు."

మూడున్నర దాటింది. సంతకం పెట్టకుండా ఇప్పుడు లైన్ల గురించి మాట్లాడుతున్నారేమిటి? ఫైలు ఆపడానికి ఇదో సాకు అనుకుంది బిందుమాధవి. పైకి మాత్రం ఇలా అంది. "ప్రతి అంకెకూ డాక్టరు రాసిన లెటర్ చూపించాలి. ఎవరా పేషెంట్ అని అడిగితే నేనేం చెప్పాలి?"

జనార్దనరావు లేచి వెళ్లి తలుపు మూసి వచ్చారు. కుర్చీలో కూర్చుని, కుడి చెయ్యి కోటు జేబులోంచి బయటికి తీశారు. అందులో ఒక కాగితం ఉంది. ఈసారి ఆ చేత్తోనే ఆమెకు అందించారు.

"ముందు ఈ లెటర్ తీసుకో అమ్మా. సంతకానికి కాస్త టైమ్ పడుతుంది."

కిటికీలు మూసే ఉన్నాయి. గదిలో ఎక్కడా గాలి లేదు. కాగితం మాత్రం ఆయన వేళ్ల మధ్య టపటపా కొట్టుకుంటోంది.

బిందుమాధవి దాన్ని రెండు చేతులతో అందుకుంది. ల్యాప్‌టాప్ తెరిచి, తీసేసిన లైన్ మళ్లీ టైపు చేసింది.

చేతి వణుకు: ఒకరు.