రెండు వైపుల కండువా

"ఆ కండువా తిరగకూడదు క్రిస్టీనా. ఏం చేస్తావో నీ ఇష్టం," అన్నాడు దర్శకుడు జోగారావు, చెమట తుడుచుకుంటూ.

"పాటంతా దాని మీదనే ఉన్నది గదా సార్," అంది క్రిస్టీనా.

నాటకంలో నాయకుడు పాట మధ్యలో గిర్రున ఒక్క చుట్టు తిరిగి పార్టీ మార్చేస్తాడు. అందుకే ఆమె వంకాయ రంగు గుడ్డకు వెనక నెమలికంఠం రంగు గుడ్డ వేసి కండువా కుట్టింది. ఏ పార్టీకీ లేని రంగులని ఏరికోరి మరీ తెచ్చింది. ఇంతా చేస్తే ఏం లాభం? పోయిన వారమే పార్టీ మారిన లీడరు జైపాల్, రానన్న మనిషి కాస్తా వచ్చి, మేడ్చల్ ఫంక్షన్ హాల్లో ముందు వరుసలో కూర్చున్నాడు.

"తన మీదే అనుకుంటాడు. నా నాటకం ఇవాళ్టితో సరి," అన్నాడు జోగారావు.

"నా ముల్గి పోతది సార్."

పేట్ బషీరాబాద్‌లో ఆమె బట్టలు కుట్టే ముల్గి, ఆ అద్దె కొట్టు, జైపాల్‌దే మరి. ఖాళీ చెయ్యమంటే కుట్టుమిషన్లు నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోవాలి? ఆమె కండువాను నాయకుడి వేషగాడు స్టీఫెన్ చొక్కాకు పిన్నులతో బిగించింది.

"స్టీఫెన్, ఇయ్యాల తిరగకు. నిలవడి పాడు, సాలు."

"సరే అక్కా."

సరేనన్నాడు గానీ, డప్పు మోగేసరికి అలవాటు పడ్డ కాళ్లు ఊరుకుంటాయా? గిర్రున తిరిగాడు. పిన్నులు ఊడాయి, కండువా రంగు మారింది. హాలంతా ఈలలు, చప్పట్లు. జైపాల్ ఒక్కడే నవ్వలేదు. ముందుకు వంగి కండువా వంకే చూస్తున్నాడు. తెర పక్కన క్రిస్టీనా "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ నిలబడిపోయింది.

నాటకం అయిపోగానే అతను నేరుగా మేకప్ గదిలోకి వచ్చాడు. "ఎవలు కుట్టిన్రు గిది?"

జోగారావు మెల్లగా స్టీఫెన్ వెనక్కి జరిగాడు, మహా ధైర్యవంతుడు.

"నేనే అన్నా," అంది క్రిస్టీనా. "ఎవల్నీ మనసుల పెట్టుకొని కుట్టలే. ముల్గి మాత్రం ఖాళీ జెయ్యమనకు, నీ కాళ్లు మొక్కుత."

జైపాల్ కండువా తీసుకుని అటూ ఇటూ తిప్పాడు, అంచు కుట్టు తడిమి చూశాడు. క్రిస్టీనాను తప్ప అందర్నీ బయటికి పంపి తలుపు మూశాడు.

"చెల్లె," అన్నాడు గొంతు తగ్గించి, "గిది రెండు పార్టీలకే వస్తది. మూడిటికి సరిపోయేటట్టు నాకొకటి కుట్టియ్యవా?"