పుదీనా కుండీ

"మొదటిసారి పెంచేవాళ్లకి ఈ గోధుమరంగు సాలీడే మేలమ్మా, నెమ్మదస్తురాలు. దాని సంగతులు చెప్తా, కూర్చో," అన్నాడు అమ్మాన్ నగరంలో పెంపుడు జంతువులమ్మే అంగడిలో అబూ ఘాలిబ్.

"నాకన్నీ తెలుసులే బాబాయ్," అని జుమానా దాన్ని కొనుక్కుని వచ్చేసింది.

నెల తిరిగేసరికి అది వెల్లకిలా పడి ఉంది. చచ్చిపోయిందనుకుని బాల్కనీలోని పుదీనా కుండీలో పాతిపెట్టింది.

మర్నాటి రాత్రి ఫోన్‌లో అబూ ఘాలిబ్ నిట్టూర్చాడు. "అది చావలేదమ్మా. కుబుసం విడిచేటప్పుడు అలాగే పడుకుంటుంది."

జుమానా ఏడుస్తూ వేళ్లతో మట్టి తవ్వింది. ఎనిమిది కాళ్ల కుబుసం చేతికి తగిలింది. లోపల ఏమీ లేదు.

వెనక, తెరిచి ఉన్న గదిలో, మంచం కింద ఏదో మెల్లగా గీరుతోంది.

"తెలియక చేశానే, క్షమించు," అంది జుమానా.

గీరడం ఆగింది.