క్లోజెట్‌లో కెమిస్ట్రీ పరీక్ష

"కెమెరా ఒకసారి గది చుట్టూ తిప్పండి," అంది ల్యాప్‌టాప్‌లోంచి ఆన్‌లైన్ పరీక్షకు కాపలా ఉన్న అమ్మాయి.

దేదీప్య తిప్పింది. హ్యాంగర్లకు భర్త చొక్కాలు, కింద సూట్‌కేసులు.

"ఇది బట్టల క్లోజెట్ కదా?"

"అవునండీ. తలుపేసుకోడానికి ఇదొక్కటే దొరికింది."

"సరే. ఇంకో మనిషి కనిపిస్తే మాత్రం పరీక్ష రద్దవుతుంది."

తొమ్మిదో ప్రశ్న దగ్గర తలుపు తెరుచుకుంది. భర్త తేజేశ్వర్ ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాచాడు. స్క్రీన్ మీద ప్రశ్న మాయమై, పరీక్ష రద్దయిందన్న మాట మిగిలింది.

"అయ్యో, సారీ! ఫైవ్ మినిట్స్‌లో క్లయింట్ కాల్ ఉంది. అయినా ఫోర్ బెడ్‌రూమ్ హౌస్ పెట్టుకుని ఇక్కడ కూర్చున్నావేంటి?"

"ఆ నాలుగింట్లో నేను ఎక్కడ కూర్చోవాలో చెప్పు."

"ఒకటి నా ఆఫీస్. ఒకటి అమ్మది. ఒకటి పిల్లలది. ఇంకోటి..."

"అందులో నువ్వు ఇప్పుడే నిద్ర లేచావు."

అతను చొక్కా తొడుక్కున్నాడు. "నాకు ముందే చెప్పాల్సింది."

"రాత్రి భోజనాల దగ్గర చెప్పాను."

"అవునా?"

గుండీలు పెట్టుకుంటూ బయటికి నడిచాడు. వెళ్తూ వెళ్తూ, అలవాటుగా క్లోజెట్ లైటు ఆపేసి తలుపు మూశాడు.

దేదీప్య ఇంకా లోపలే ఉంది.