ఎవరి పని వాళ్లకే

కాకినాడలో కూర్చుని నూకరత్నం నార్వేలో ఉన్న ఇంగ్రిడ్ మామ్మకు జడ వేస్తోంది. ఆమె వేళ్లు ఎలా కదిలితే అక్కడి మరచేతులు అలా కదులుతాయి.

యూనియన్ నాయకుడు వరహాలు పరుగున వచ్చాడు.

"గెలిచాం చెల్లీ! మన రేవులో క్రేన్లు ఇక నార్వే వాళ్లు అక్కడ కూర్చుని తిప్పరు. మీ ఆయన పని మీ ఆయనకొచ్చేసింది."

"మరి నా పనో, అన్నా?"

వరహాలు తల దించుకున్నాడు. "నార్వేలో గెలిచిందీ మనలాంటి యూనియనేనమ్మా. ఎవరి పని వాళ్లకే అని వాళ్లూ అడిగారు. నీకివాళే ఆఖరు."

ఊరేగింపులో ఆ నినాదాన్ని గొంతు పోయేలా అరిచింది నూకరత్నమే.

మామ్మ మాట యంత్రంలోంచి తెలుగులోకి మారి వినిపించింది. "బిగుతుగా లాగేశావే పిల్లా. రేపు కాస్త వదులుగా వెయ్యి."

నూకరత్నం జడంతా విప్పి, వదులుగా మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.